ప్రీయాంపులు: మాతృకలును ప్రతులును

మైక్రోఫోనను వస్తువును మీరందఱు నెఱుగుదురు. పెండ్లి పందిళ్లలో, తిరునాళ్లలో, హరికథా వేదికలమీద, ఎన్నికల సభలలో దానిని చూడనివారు మన పల్లెలలో లేరు. దానిముందు పలికిన మాట పెద్దదియై కొమ్ములోనుండి వెలువడుననియు నెఱుగుదురు. అయితే మైకునకును కొమ్మునకును నడుమ జరుగు పనిలో మొట్టమొదటి మెట్టును గుఱించి యోచించినవారు తక్కువ. మైకు మాటను పెద్దది చేయదు. అది మాటను విద్యుత్తుగా మార్చును. అంతవఱకే దాని పని. ఆ విద్యుత్తు మిక్కిలి సన్నని ధార. మనము మామూలుగా మాటలాడునప్పుడు మైకునుండి వచ్చునది ఒక వోల్టులో వేయవవంతు, లేదా అటునిటు. మన యిండ్లలో దీపము వెలిగించు విద్యుత్తు 230 వోల్టులని తలచుకొనుడు, భేదము తెలియును. ఆ వేయవవంతును మొదట ఒక వోల్టు దాక హెచ్చించి, తరువాతి యంత్రముల కందించు పరికరమును ప్రీయాంప్లిఫయరందురు. పనివాండ్రు పొట్టిగా ప్రీయాంపందురు. 'పూర్వవర్ధకము' అని నేనొక సంస్కృత పదము కల్పింపవచ్చును గాని, ఆ పేరు చెప్పి అంగడిలో అడిగిన యెడల ఎవ్వరును ఇయ్యరు. కావున ప్రీయాంపనియే చెప్పెదను.

నేడు నేను చెప్పదలచినది ఆ ప్రీయాంపుల చరిత్ర. అందును ముఖ్యముగా 1950 ప్రాంతము మొదలు 1970 దశకము దాక జర్మనీలో, ఇంగ్లండులో, అమెరికాలో పుట్టిన కొన్నిటి కథయు, వానికి నేడు పలువురు తమ యిండ్లలో తమ చేతులతోనే చేసికొనుచున్న ప్రతుల కథయు. ఆ పాత యంత్రములు దొరకుట యరిది. దొరకినను సామాన్యునకు కొన శక్యము గాదు. వానిగుండ పోయిన గొంతునకు ఒక నిండుతనము వచ్చునని పాటలు రికార్డు చేయువారి నమ్మకము. అందుచే పాత పటములను సంపాదించి, భాగములు కొని, మాటు వేసి, పాతదానివంటి క్రొత్తదానిని కట్టుకొనుచున్నారు. ఇది చౌర్యమా, విద్యయా యని యడుగువారు కలరు. తాటియాకు గ్రంథములనుండి ప్రతులు తీసిన గురువులయొద్ద చదువుకొన్నవాడను గనుక ఈ ప్రశ్న నాకు క్రొత్తది గాదు. మన పూర్వులలో ప్రతి వ్రాయువారే లేకున్నచో భారతమందలి యొక్క పద్యమైనను మన చెవిని బడియుండెడిది కాదు.

మొదట ఒక సంగతి. అన్ని మెట్లలోను ఈ మొదటి మెట్టునకే యింత గౌరవమేల? కాలువ తూము దగ్గఱ బురద కలిసినచో చివరి మడి దాక బురదయే పోవును. అట్లే మొదటి మెట్టులో కలిసిన రొదయంతయు మాటతో పాటు వేయిరెట్లు పెరిగి, తరువాత కొమ్ముదాక వచ్చును. నడుమ నెవ్వరును దానిని వడబోయలేరు. కనుక ప్రీయాంపును కట్టువాడు చేయవలసిన పని రెండు ముక్కలలో చెప్పవచ్చును: పెద్దది చేయవలయును, తనదేమియు కలుపరాదు. ఈ రెండవది నూఱేండ్లనుండి బుద్ధిమంతుల కందఱకును పరీక్షయై నిలిచినది.

పూర్వము టెలిఫోనులలో బొగ్గు గుళికల మైకుండెడిది. 1870 దశకమున ఎడిసన్, హ్యూస్ మొదలగువారు దానిని రూపొందించిరి. అందులో బ్యాటరీనుండి వచ్చు విద్యుత్తును మాటయే హెచ్చుతగ్గులు చేయును గనుక దానికి ప్రీయాంపుతో పనిలేదు. కాని దాని పలుకు గరగరలాడును. దూరము పోయినకొలది మాట క్షీణించును. 1906వ సంవత్సరమున అమెరికాలో లీ డి ఫారెస్టు మూడు కొసల వాల్వును కనుగొనెను. వెస్టరన్ ఎలక్ట్రిక్ సంస్థలోని హెరాల్డ్ ఆర్నాల్డు దానిలోని గాలిని పూర్తిగా తీసివేసి, నమ్మదగిన సాధనముగా తీర్చెను. 1915 జనవరిలో న్యూయార్కునుండి శాన్‌ఫ్రాన్సిస్కో దాక తీగమీద మాటలాడగలిగిరన్నచో ఆ వాల్వు వలననే. ఆ మఱుసటి యేటనే, అదే సంస్థలో ఇ. సి. వెంట్ అను భౌతికశాస్త్రజ్ఞుడు కండెన్సరు మైకును కనుగొనెను. సన్నని లోహపు పొర కంపించి మాటను యథాతథముగా పట్టును. అయితే దానినుండి వచ్చు ధార మిక్కిలి బలహీనము. నాలుగు గజముల తీగకైనను ఓర్వదు. కావున వాల్వును మైకు ప్రక్కనే కట్టవలసి వచ్చెను. ఇట్లు మైకును వర్ధకమును కవలపిల్లలవలె కలిసి పెరిగినవి. రేడియో వచ్చిన పిమ్మట వాని యక్కఱ ఊరూర కలిగెను.

వాల్వు పెద్దది చేయును, నిజమే. కాని దానికొక దుర్గుణము కలదు. చిన్న ధ్వనిని ఒక లెక్కన, పెద్ద ధ్వనిని మఱియొక లెక్కన పెంచును. ఆకారము మాఱును. దీనికి మందు కనుగొన్నవాడు హెరాల్డ్ బ్లాక్. అతడు 1927 ఆగస్టు 2వ తేదీ యుదయమున పడవలో హడ్సన్ నది దాటి న్యూయార్కులోని బెల్ ప్రయోగశాలకు పోవుచుండగా ఆ యుపాయము తోచెనట. చేతనున్న న్యూయార్కు టైమ్సు పత్రికలో ఖాళీగానున్న చోట లెక్క వ్రాసికొనెను. ఆ యుపాయ మిది: బయటికి వచ్చినదానిలో కొంత భాగమును తిరుగవేసి మొదటికి పంపవలయును. లోనికి వచ్చినదానికిని బయటికి పోయినదానికిని గల తేడా అక్కడ బయటపడును. వర్ధకము తన తప్పును తానే దిద్దుకొనును. వ్రాయసకాడు ప్రతి పంక్తిని మాతృకతో సరిచూచి దిద్దుకొన్నట్లే యిదియు. ఇందులో పెంపు కొంత తగ్గును. అందుకు బదులు నిజము మిగులును. పేటెంటు కార్యాలయమువారు ఈ మాటను నమ్ముటకు తొమ్మిదేండ్లకు పైగా పట్టెను. 1937లో గాని పేటెంటు రాలేదు. ఇటు తరువాత వచ్చిన మంచి ప్రీయాంపులలో ఈ యుపాయము లేనిది బహు తక్కువ.

ఇక మాతృకల మాట. రెండవ ప్రపంచయుద్ధానంతరము జర్మనీలో రేడియో కేంద్రములను మరల కట్టుకొనవలసి వచ్చెను. ఒక్కొక్క కేంద్రమున ఒక్కొక్క తీరు యంత్రమున్న యెడల మరమ్మతు కష్టము. అందుచే అక్కడి ప్రసారసంస్థలవారు యంత్రమెట్లుండవలయునో తామే కొలతలతో నిర్ణయించి, ఆ కొలతల ప్రకారము పలు కర్మాగారములచేత చేయించుకొనిరి. ఆ వర్ణనలను 'బ్రౌన్‌బుఖ్', అనగా గోధుమరంగు పుస్తకమని పిలిచెడివారు. 1950 దశకపు మొదట వచ్చిన వి 72 అను వర్ధకము అట్టిది. లోహపు పెట్టె, అందు రెండు వాల్వులు, ట్రాన్స్‌ఫార్మరులు, తన విద్యుత్తు తానే చేసికొను భాగము, వెనుక ప్లగ్గు. చెడినదానిని లాగివైచి, మఱియొకదానిని దూర్చినచో క్షణములో పని జరుగును. దాని పెంపు 34 డెసిబెలులు, అనగా ఏబది రెట్లు. దీనిని టెలిఫుంకెన్ చేసెను, సీమెన్స్ చేసెను, టాబ్ చేసెను, మైహాక్ చేసెను. ఈ పట్టున మీరొక్కటి గమనింపవలయును. నేడు లక్షలు పోసి కొను వి 72 'అసలు' పెట్టెలు సయితము ఒక పుస్తకమును చూచి నలుగురు చేసిన ప్రతులే. నాకు ఆధునికులు ప్రతిచేయుటను తక్కువగా చూచినప్పుడెల్ల ఈ జర్మను పెట్టె జ్ఞప్తికి వచ్చును.

ఆ పెట్టె ఇంగ్లండునకు పోయెను. లండనులో 1931లో తెఱచిన ఈఎంఐ వారి ఆబీరోడ్డు రికార్డింగుశాల కలదు. అక్కడి యంత్రనిర్మాణ విభాగమునకు రెడ్ అని పొట్టిపేరు. వారు 1950 దశకపు చివర తయారుచేసిన రెడ్ 37 అను కలుపుబల్లలో వి 72 ఎస్ అను భేదమును వాడిరి. దాని పెంపు నూఱు రెట్లు. బీటిల్సను నలుగురు యువకుల గుఱించి మీ మనుమలు చెప్పగా వినియుందురు. 1963 ఫిబ్రవరి 11వ తేదీన ఒక్క రోజులో వారు తమ మొదటి ఆల్బములోని పాటలలో పెక్కింటిని పాడినది ఈ పెట్టెలగుండనే. తరువాత ఈఎంఐ వారు రెడ్ 47 అను స్వంత వర్ధకమును కట్టుకొని, రెడ్ 51 అను బల్లలో నమర్చిరి. ఆ పాటలను ప్రపంచమంతయు విన్నది గనుక, ఆ వర్ధకములను గూడ ప్రపంచమంతయు కోరసాగెను. పాట గొప్పదనములో పాటగానికెంత, పెట్టెకెంత యని తూచుటకు త్రాసు లేదు. నా మట్టుకు నేను పాటగానికే పెద్దపాలు వేయుదును.

ఇంగ్లండులోనే మఱియొక మాతృక పుట్టెను. నేడు ఇండ్లలో ప్రతులు కట్టువారిలో పలువురు మొదట చేయి పెట్టునది దానిమీదనే. రూపర్ట్ నీవ్ 1926లో డెవన్ మండలములోని న్యూటన్ ఆబట్టున జన్మించి, అర్జెంటీనాలో పెరిగెను. బాల్యముననే రేడియోలు విప్పుట, కట్టుట నేర్చెను. యుద్ధకాలమున బ్రిటిషు సైన్యపు సిగ్నలుదళములో పనిచేసెను. యుద్ధము ముగిసిన పిమ్మట నొక పాత అంబులెన్సు బండిని కొని, దానిలో రికార్డింగు సామగ్రి నింపి, ఊరూర గాయకబృందములను రికార్డు చేయుచు, సభలకు మైకులు పెట్టుచు తిరిగెను. మన పల్లెల మైకుసెట్టువాని జీవితమే యనుకొనుడు. 1961లో స్వంత సంస్థ పెట్టెను. వాల్వుల కాలము వెనుకబడి, 1947లో అమెరికాలో కనుగొనబడిన ట్రాన్సిస్టరు అప్పటికి వ్యాప్తిలోనికి వచ్చుచుండెను. 1964లో లండనులోని ఫిలిప్స్ రికార్డు సంస్థకొఱకు నీవ్ ట్రాన్సిస్టరులతోనే స్వరములను సవరించు పరికరములను చేసి యిచ్చెను. 1970లో వెసెక్స్ రికార్డింగుశాలకొఱకు కట్టిన బల్లలో 1073 అను అంకె గల పలక యొకటి యుండెను. ప్రసిద్ధి కెక్కినది అదియే.

ఆ పలకను గుఱించి కొంత విపులముగా చెప్పవలసియున్నది. దాని మీద ఎఱ్ఱని మీట. దానిని త్రిప్పిన ప్రతి మెట్టునకు అయిదేసి డెసిబెలుల చొప్పున పెంపు మాఱుచు, పదివేల రెట్ల దాక పోవును. లోపలికి వచ్చు ద్వారమున ఒక ట్రాన్స్‌ఫార్మరు, బయటికి పోవు ద్వారమున నొక ట్రాన్స్‌ఫార్మరు. నడుమ కొద్దిపాటి ట్రాన్సిస్టరులు. చిట్టచివర బరువు లాగు ట్రాన్సిస్టరు 2ఎన్ 3055. ఈ పేరు వినగానే మన మైకుసెట్టువాండ్రు చిరునవ్వు నవ్వుదురు. రెండు చెవులతో రేకు టోపీవలెనుండు ఆ ట్రాన్సిస్టరు మన యూళ్ల యాంప్లిఫయరులలోను, ఇన్వర్టరులలోను చిరకాలముగా నున్నదే. లండనులో మహాగాయకుల గొంతును మోసినదియు, మన జాతరలో పాటను మోసినదియు ఒక్క జాతి ట్రాన్సిస్టరే. భేదమంతయు దానిని వాడిన తీరులో నున్నది. నీవ్ దానిచేత పని యున్నను లేకున్నను ఎడతెగక విద్యుత్తు ప్రవహింపజేసెను. దీనిని క్లాసు ఎ పద్ధతి యందురు. ఇందులో విద్యుత్తు వృథాయగును, పెట్టె వేడెక్కును. కాని ధ్వని యొక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు దాటునప్పుడు కలుగు తొట్రుపాటుండదు.

అమెరికాలో 1960 దశకపు చివర సాల్ వాకర్ మొదలగువారు ఎ.పి.ఐ. అను సంస్థను పెట్టిరి. వారి 312 అను ప్రీయాంపునకు ప్రాణము 2520 అను చిన్న దిమ్మ. ట్రాన్సిస్టరులన్నిటిని ఒకచో కూర్చి, పైన ఎపాక్సీ పోసి గట్టిపఱచిరి. లోపలనున్న దానిని చూడవలెనన్న దిమ్మను పగులగొట్టవలసినదే. దీనికి వ్యతిరేకమైన యుదాహరణము డీన్ జెన్సెన్. ఈయన 1980లో తాను రూపొందించిన 990 అను అట్టి దిమ్మయొక్క పటమును, భాగముల విలువలతో సహా, ఆడియో ఇంజినీరుల సంఘపు పత్రికలో ప్రకటించెను. ఆయన 1989లో గతించెను. ఆ పటమును చూచి నేటికిని కట్టుచున్నారు. వైద్యములోను, జ్యోతిషములోను విద్యను ముడివేసి దాచిన వారిని, పంచిపెట్టిన వారిని మీరును చూచియుందురు. దాచినవాడు తన కుటుంబమును పోషించుకొనవలదా యని యడిగిన యెడల నేను కాదనలేను. వాకర్ సంస్థ నేటికిని నిలిచి, 312ను అమ్ముచునే యున్నది. అయినను నా మనస్సు జెన్సెన్ వైపు మొగ్గును.

1970 దశకపు పెద్దబల్లలు కాలక్రమమున పాతబడినవి. ముప్పది నలువది పలకలు గల బల్లను నిలుపుటకు చోటు చాలక, మరమ్మతు భరింపలేక, పలువురు వానిని విడగొట్టి పలకలు పలకలుగా అమ్మిరి. ఉమ్మడి యిల్లు పంచుకొన్నట్లాయెను. ఒక్కొక్క పలకకు వెల యెక్కినకొలది, దానిని కొనలేనివారు పాత మరమ్మతు పుస్తకములలోని పటములను తీసి కట్టుట మొదలుపెట్టిరి. ఇప్పుడు భాగములన్నిటిని ఒక సంచిలో పెట్టి, రాగిగీతలు గల పలకతో సహా అమ్ము అంగళ్లును వెలసినవి.

కట్టుట యెట్లన, మొదట పటమును చదువవలయును. ఇందులో మనకు పరిచితమైన చిక్కొకటి కలదు. తాళపత్రమున తలకట్టొకటి పురుగు తినగా అర్థము మాఱినట్లు, పటమున చుక్కయొకటి చెరిగినచో 4.7 కిలో ఓముల రెసిస్టరు 47 కిలో ఓములగును, యంత్రము మూగవోవును. ప్రతికి ప్రతి తీయుటలో చుక్కలు చెరుగుట తెలిసినవారే గనుక ఇంగ్లండువారు చుక్కకు బదులు అక్షరమునే అచ్చట పెట్టి 4కె7 అని వ్రాయు ఆచారము నేర్పఱచిరి. మన వ్రాయసకాండ్రకును ఇట్టి యుపాయము తోచియున్నచో ఎన్ని పాఠాంతరముల తగవులు తప్పియుండెడివో! పటములు రెండు మూడు దొరకినచో వానిని సరిచూడవలయును. ఒకే పలకకు ఏడాదికొక సవరణ జరిగియుండును. సి. పి. బ్రౌను దొర పలుతావులనుండి వ్రాతప్రతులు తెప్పించి, పండితులచేత సరిచూపించి, వేమన పద్యములను 1829లో అచ్చువేయించెను. ప్రీయాంపు కట్టువాడును ఆ పనియే చేయును. తేడా తాటియాకునకు బదులు రాగిరేకు.

తరువాత భాగములు. రెసిస్టరులు రూపాయికి దొరకును. ట్రాన్సిస్టరులు సులభము, అయితే నకిలీ 2ఎన్ 3055లు కలవు, కొలిచి తీసికొనవలయును. పాతవానిలో వాడిన టాంటలము కెపాసిటరులు ఏండ్లు గడచినప్పుడు చెడును గనుక క్రొత్తవి వేయుట మేలు. మాటు వేయునప్పుడు చేయి తొందరపడరాదు. ఇనుము వేడి రెండు భాగములకును సమముగా తగిలి, తగరము తనంతట ప్రవహించి మెఱయవలయును. కంసాలి పనిని చూచినవారికి ఈ మాట వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇంతవఱకు పటము మనల నడిపించును. ట్రాన్స్‌ఫార్మరు దగ్గఱ పటము చేయి విడుచును. పటములో అది రెండు తీగచుట్టలు, నడుమ రెండు గీతలు, అంతే. నిజమున కది ఆ యంత్రమునకు సగము ప్రాణము. లోని ద్వారముననున్నది మైకు ధారను రొద కలుపకుండ అయిదు పది రెట్లు హెచ్చించును. మైకు తీగలు దారిలో పట్టుకొన్న గుయ్యిమను రొదను చాలవఱకు విడిచి, మాటను మాత్రమే లోనికి రానిచ్చును. ఆ చుట్టలను వెండ్రుకవంటి రాగితీగతో, పొరపొరకు కాగితము వేసి, ఎన్ని చుట్లు ఏ వరుసలో చుట్టవలయునో చుట్టినవానికే యెఱుక. నడుమనుండు రేకులు నికెలు కలిసిన యినుము. పైన కప్పు మ్యూమెటలు తొడుగు 1923లో ఇంగ్లండులో కనుగొనబడిన లోహము. దానిని మలచిన పిమ్మట హైడ్రోజను వాయువులో కాల్చి మెత్తపఱచవలయును. అటుపైని దానిని క్రింద పడవైచినచో దాని గుణము తగ్గును. పరాకున బల్లమీదినుండి పడిన తొడుగు చూపునకు క్రొత్తదివలెనే యుండును. రొదను మాత్రము మునుపటివలె ఆపదు.

1073లో బయటి ట్రాన్స్‌ఫార్మరు మఱియు విచిత్రము. క్లాసు ఎ పద్ధతిలో ఎడతెగని విద్యుత్తు దానిగుండ పోవును గనుక, ఇనుము ఆ బరువునకే నిండిపోవును. ఆ పిమ్మట పాటకు చోటుండదు. అందుచే రేకుల కూర్పునడుమ కాగితమంత సందు విడిచిరి. సందు లేనిదానిని తెచ్చి బిగించినవాడు, పటములోని ప్రతి విలువయు సరిగా నున్నను, మృదంగపు మంద్రధ్వని ఎందుకు చితికిపోవుచున్నదో తెలియక తల పట్టుకొనును. నీవ్ కు అట్టివానిని చుట్టియిచ్చిన సంస్థలలో మారినేర్ అనునది ప్రసిద్ధము. అట్టి పాతవానిని విప్పి, చుట్లు లెక్కించి, రేకుల మందము కొలిచి, మరల చుట్టువారు నేడు కొన్ని దేశములలో కలరు. విప్పినది మరల పనికిరాదు. ఒక మాతృకను బలి యిచ్చి నూఱు ప్రతులు సంపాదించుట యన్నమాట. ఇందు సరి యేదో, తప్పేదో నేను నిర్ణయింపజాలను. గాని పాతది ఏనాటికైనను త్రుప్పుపట్టునదే గదా యని మాత్రము తోచును.

ఈ సందర్భమున నీవ్ తానే పలుమార్లు చెప్పిన కథ యొకటి కలదు. 1970 దశకపు చివర లండనులోని ఎయిర్ రికార్డింగుశాలకు ఆయన ఒక పెద్దబల్లను చేసియిచ్చెను. అచ్చటి ఇంజినీరు జెఫ్ ఎమెరిక్, బీటిల్సు పాటలను రికార్డు చేసినవాడు, అన్ని పలకలును ఒక్కరీతిగా పలుకుటలేదని మొఱపెట్టెను. నీవ్ చెవికి ఏమియు తెలియలేదు. కూర్చుండి వినగా వినగా, కొలువగా కొలువగా, ఏ పలకల మీద ఎమెరిక్ తప్పు పట్టెనో వానిలో ట్రాన్స్‌ఫార్మరు చివర కట్టవలసిన భాగము సరిగా కట్టబడలేదని తేలెను. దానివలన 54 కిలోహెర్ట్జుల చోట ధ్వని మూడు డెసిబెలులు పొంగుచుండెను. మనుష్యుని చెవి 20 కిలోహెర్ట్జులు దాటి వినదని శాస్త్రము. అట్లుండగా ఎమెరిక్ దేనిని వినెను? ఇందులో వాదములు కలవు. నేను వాదములోనికి దిగను. ఒక్క విషయము నిశ్చయము. పటము ఒకటే, కర్మాగార మొకటే, చేసినవారును ఒకరే. అయినను ఒక కట్టు తప్పగా పలుకు మాఱెను. కనుక పటమును చూచి కట్టిన పిమ్మట కొలిచి సరిచూచుట విడువరాదని ప్రతులు కట్టువారు ఈ కథను చెప్పుకొందురు.

ఇక ధర్మము మాట. పేటెంటులకు కాలపరిమితి గలదు. 1970నాటి యుపాయములమీద నేడు ఎవరికిని పేటెంటు హక్కు మిగిలియుండదు. కాని పేరునకు కాలపరిమితి లేదు. 1073 పుట్టిన సంస్థకు వారసత్వము గల ఎ.ఎం.ఎస్. నీవ్ ఇంగ్లండులోని బర్న్‌లీ పట్టణమున నేటికిని దానిని తయారు చేయుచున్నది. రూపర్ట్ నీవ్ మాత్రము 1975లోనే ఆ పాత సంస్థను విడిచి, అమెరికాకు తరలి, టెక్సాసులో 2005లో వేఱొక సంస్థను స్థాపించి, 2021 ఫిబ్రవరి 12న, తన 94వ యేట గతించెను. తన యింటిలో తనకొఱకు ఒక ప్రతి చేసికొని, 'ఇది 1073 చూచి కట్టితిని' యని చెప్పువానియందు నాకు దోషము కనబడదు. దానికి పాత సంస్థ ముద్ర కొట్టి, పాతదని అమ్మువాడున్నాడే, వాడు కూటశాసనము చెక్కినవానితో సమానుడు. తాళపత్రముల చివర వ్రాయసకాడు తన పేరు, ఊరు, సంవత్సరము వ్రాసి, తప్పులున్న మన్నింపుడని వేడుకొనెడివాడు. పలక వెనుక అట్టి నాలుగు పంక్తులు వ్రాయువారు నేటి కట్టువారిలో కొందఱు కలరని విని సంతోషించితిని.

మీ యిండ్లలోని పిల్లలెవరైన ఈ పనికి పూనుకొందురేమో. పెద్దలు ఒక్క విషయమున గట్టిగా నుండవలయును. ట్రాన్సిస్టరుల ప్రీయాంపు లోపల 24 వోల్టులతో నడచును. దానికి విద్యుత్తునిచ్చు పెట్టెలో 230 వోల్టులున్నవని మఱవకున్న చాలును. వాల్వులది అట్లు గాదు. లోపల రెండు మూడు వందల వోల్టులుండును. ప్లగ్గు తీసివైచిన పిమ్మటను పెద్ద కెపాసిటరులలో ఆ బలము నిలిచియుండి ప్రాణము తీయగలదు. రెసిస్టరు ద్వారా దానిని దింపి, మీటరు పెట్టి చూచి, అటుపైని గాని చేయి పెట్టరాదు. తొలిసారి కట్టువాడు వి 72 జోలికి పోక ట్రాన్సిస్టరు పలకతో మొదలుపెట్టుట మేలు. ఇసుకలో గురువు వ్రాసిన ఓనమాలమీద వ్రేలు పెట్టి దిద్దిన బాలుడు కొన్నాళ్లకు తన చేవ్రాత తాను వ్రాయును. ఈ పలకలను దిద్దినవారిలోనుండియు స్వంత యంత్రములు చేయగలవారు బయలుదేరుచున్నారు.

కట్టుట ముగిసిన పిమ్మట చేయు పరీక్ష యొకటి చెప్పెదను. మైకు తగిలించు చోట మైకునకు బదులు 150 ఓముల రెసిస్టరును కట్టి, పెంపును పూర్తిగా హెచ్చించి, చెవిగొట్టములు పెట్టుకొని వినవలయును. మాట లేదు, పాట లేదు. అయినను సన్నని సవ్వడి వినబడును. 1920 దశకపు చివర బెల్ ప్రయోగశాలలో జాన్సన్ కొలిచి, నైక్విస్టు లెక్కకట్టి చూపినది ఈ సవ్వడినే. రెసిస్టరులోని వేడియే దీనికి కారణము. ఎంతటి నిపుణుడు కట్టినను దీనికంటె క్రిందికి పోలేడు. ఒక వోల్టును కోటి భాగములు చేసిన, అందు రెండు భాగములకు పైచిలుకు మాత్రమే దాని పరిమాణము. ఆ సవ్వడి నున్నని యిసుక జారినట్లు సమముగా వినబడినచో పని కుదిరినట్లు. అందులో గుయ్యిమను నాదము కలిసి వినబడినచో భూమితీగ యెక్కడో తప్పినది. పెట్టె మరల విప్పవలయును.